స్తంభం ఎక్కమనే ముందు కాసేపు

విద్యుత్ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "సార్, ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైంది ఏంటి?" అని అడుగుతారు. గాలివాన గురించో, ఎండ గురించో, నాయకుల ఫోన్ల గురించో చెబుతానని ఎదురుచూస్తారు. రోజులో కాసేపు ఊరికే కూర్చోవడం అని చెబుతాను. మర్యాదకు నవ్వుతారు. ఇంతలో వాళ్ల చేతిలో ఫోను మోగుతుంది, లేచి వరండాలోకి వెళ్తారు. ఇన్నేళ్లలో ఆ మాట పూర్తిగా విన్నవాళ్లు లేరు. అందుకే రాసి పెడుతున్నాను.

ఫోనే ఉద్యోగం

కంప్యూటర్ కోర్సుల కోసం ఎక్కడెక్కడి పిల్లలూ పెట్టెలు పట్టుకుని అమీర్‌పేటలో దిగుతున్న కాలంలో నన్ను అక్కడి సెక్షన్‌కి ఇంజనీరుగా వేశారు. ఆ సందుల్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఇళ్ల కోసం పెట్టినవి. ఆ ఇళ్లేమో చూస్తుండగానే క్లాసు రూములైపోయాయి. కింద జిరాక్స్ షాపు, దాని మీద జావా, ఆ పైన ఒరాకిల్, డాబా మీద రేకుల షెడ్డులో హాస్టల్. ఒక ఫ్యాను, ఒక ట్యూబ్‌లైటు ఉండాల్సిన గదిలో వరసగా కంప్యూటర్లు, గోడకు ఏసీ. బోర్డుల వెనక మా తీగలు కనిపించేవి కావు.

రోజూ ఎక్కడో ఒకచోట ఫ్యూజు పోయేది. నేను ఫోనెత్తి "హలో" అనేలోపే తిట్టు మొదలయ్యేది. క్లాసు మధ్యలో కరెంటు పోయిందని ఒకరు, ఇంటర్వ్యూ ఉంది చొక్కా ఇస్త్రీ సగంలో ఆగిందని ఇంకొకరు. పంజాగుట్ట వైపు ఆసుపత్రుల నుంచి ఫోను వస్తే మిగతావన్నీ వదిలేసి పరిగెత్తాలి. మధ్యాహ్నం ఏం తిన్నావని అడిగితే చెప్పలేకపోయేవాణ్ని. తిన్నానో లేదో కూడా మా ఆఫీసున్న సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఖాజా భాయ్‌నే అడగాల్సి వచ్చేది.

మా శాఖలో తప్పులు బద్ధకస్తుల వల్ల జరుగుతాయని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో, ఊపిరాడకుండా పనిచేసేవాళ్ల వల్లే ఎక్కువ జరిగాయి. బద్ధకస్తుడు అసలు స్తంభం దాకా రాడు కదా.

డైరీ చేయని పని

కాలేజీ రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను. ఒక్క రోజు కూడా మానలేదు. ఆ అలవాటు ఉన్నందువల్ల నన్ను నేను ఎప్పటికప్పుడు గమనించుకుంటున్నానని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకాన్ని మా ఆవిడ సుభద్ర ఒక సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తీసిపారేసింది.

"రోజూ అంతసేపు ఏం రాస్తారండీ?" అంది.

గర్వంగా ఆనాటి పేజీ చదివి వినిపించాను. ఏ సందులో ఫ్యూజు పోయింది, ఎవరు వచ్చారు, ఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె మార్చాం.

"రేడియోలో ప్రాంతీయ వార్తల్లా ఉంది. ఇవన్నీ ఊళ్లో జరిగినవి. ఇందులో మీరేరి?"

"ఉన్నానుగా. 'వెళ్లాను', 'చూశాను' అని రాశాను."

"వెళ్లారు, చూశారు, వచ్చారు. ఏమనుకున్నారు?"

"అనుకోవడానికి టైమెక్కడిదే?"

"అదే నేనూ అడుగుతున్నా" అని పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

డైరీ మానమని చెప్పడం లేదు. నేను ఇవాళ్టికీ రాస్తున్నాను. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో డైరీ చెబుతుంది. వాటిలో ఏది నా పొరపాటో, ఏది నా అదృష్టమో అది చెప్పదు. దానికి విడిగా కూర్చోవాలి.

ఆ మాట పట్టుకుని పంజాగుట్టలో ఒక ధ్యానం క్లాసులో చేరాను. అప్పట్లో కంప్యూటర్ క్లాసులతో పాటు అవీ బాగా వెలిశాయి. మొదటి రోజు గంట కొట్టి కళ్లు మూసుకోమన్నారు. కాసేపటికి పక్కాయన మోచేత్తో పొడిచి, "సార్, గురక" అన్నాడు. రెండో రోజూ ఆయనే పొడిచాడు. మూడో రోజు వెళ్లలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అలసిపోయిన మనిషికి కళ్లు మూసుకోమని చెబితే నిద్రపోతాడు. నాకు కావలసింది కళ్లు తెరుచుకుని చేసే పని.

ఖాజా భాయ్ చూపించిన చోటు

ఒకరోజు మా డివిజనల్ ఇంజనీరు, మేం డీఈ గారు అనేవాళ్లం, ఫోనులో నన్ను చెడామడా తిట్టారు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగి, రీడింగు ఆలస్యంగా రాశావంటూ ఖాజా భాయ్ మీద ఎగిరాను. ఆయన నా కంటే వయసులో పెద్ద. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ తాపీగా అన్నాడు:

"డీఈ సాబ్ మిమ్మల్ని తిట్టిండు. మీరు నన్ను తిట్టిన్రు. ఇప్పుడు నేనెవర్ని తిట్టాలె సార్? ఈడ నా కింద ఎవ్వల్లేరు, బ్యాటరీలు తప్ప."

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. నిజంగానే బ్యాటరీల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ అలాంటి గది ఒకటి ఉంటుంది. బయట కరెంటంతా పోయినా లోపలి యంత్రాలు పనిచేయడానికి అక్కడ వరసగా బ్యాటరీలు పేర్చి ఉంచుతారు. యాసిడ్ వాసన వల్ల ఊరికే ఎవరూ అందులోకి రారు. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, బ్యాటరీల్లో నీళ్లు చూసే మనిషి కోసం ఒక ఎత్తు స్టూలు, అంతే. ఆ స్టూలు మీద కూర్చున్నాను. బయట ఫోను మోగుతూనే ఉంది, ఖాజా భాయ్ ఎత్తుతున్నాడు. లోకం ఆగలేదు. అది నాకు పెద్ద వార్త.

ఆ రోజు నుంచి దాన్ని ఒక పద్ధతిగా పెట్టుకున్నాను. ఒక లైను మీద పని చేయాలంటే ముందు దానికి కరెంటు ఆపి, ఇక ఎక్కవచ్చని అనుమతి ఇస్తాం. దాన్ని లైన్ క్లియర్ అంటాం. స్విచ్‌లు తీయించి, కాగితం మీద సంతకం పెట్టాక కూడా నేను వెంటనే 'ఎక్కండి' అనేవాణ్ని కాదు. ఫోను ఖాజా భాయ్ చేతికిచ్చి, గదిలో కాసేపు కూర్చుని బయటికి వచ్చాకే చెప్పేవాణ్ని. మా లైన్‌మన్లకు ఇది మొదట్లో వింతగా ఉండేది. ఖాజా భాయ్ మాత్రం "నేనన్న ఒక పూట నమాజు తప్పుతనేమో గానీ, మా సార్ తప్పడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

కూర్చుని ఏం చేయాలి

పిల్లలు అడిగే రెండో ప్రశ్న ఇది. ఏం చేయకూడదో ముందు చెబుతాను, ఎందుకంటే అవన్నీ నేను చేశాను.

మొదటి నెలలో ఆ స్టూలు మీద కూర్చుని డీఈ గారితో మనసులో వాదించేవాణ్ని. ప్రతిసారీ నేనే గెలిచేవాణ్ని. ఎర్రబడ్డ ముఖంతో బయటికి వచ్చేవాణ్ని. అది కూర్చోవడం కాదు, కుస్తీ. ఆ తర్వాత రేపటి పనులు వరసగా పేర్చుకోవడం మొదలుపెట్టాను. అది ఆఫీసు పనే, గది మారిందంతే. ఇంకొన్నాళ్లు చేసిన ప్రతి పొరపాటుకూ నన్ను నేను తిట్టుకున్నాను. దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. తిట్లు తిన్నవాడికి ఇంకేమీ వినపడదు, తిట్టింది తనే అయినా సరే.

చివరికి కుదిరిన పద్ధతి చాలా మామూలుది. పొద్దున లేచినప్పటి నుంచి నాతో ఎవరెవరు ఏమన్నారో వరసగా మళ్లీ వినడం. దానికి నేనేం జవాబిచ్చానో వినడం. మంచీ చెడూ అనుకోకుండా, ఊరికే. నమ్మరు గానీ, మొదటిసారి విన్నప్పుడు మనం సగమే వింటాం. మిగతా సగం చెవిలో ఎక్కడో కూర్చుని మన తీరిక కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఆ సందులో తీగలు

ఇక అసలు సంగతి. ఒక ఎండాకాలం మొదట్లో, చౌరస్తా వెనక సందులో పాత తీగలు విప్పేసి కొత్త కేబుల్ వేస్తున్నాం. మిగతా భవనాలన్నిటినీ కేబుల్ మీదికి మార్చేశాం. పాత తీగలకు ఇంకా అంటిపెట్టుకుని ఉన్నది ఒక కోచింగ్ సెంటరు భవనం ఒక్కటే. దాన్ని కూడా మార్చి, తీగలు దింపేస్తే పని అయిపోతుంది. ఎక్కాల్సిన లైన్‌మన్ యాదగిరి. బోరబండ నుంచి వచ్చేవాడు. మా సెక్షన్‌లో అంత శుభ్రంగా పనిచేసేవాడు, అంత నోరున్నవాడు ఇంకొకడు లేడు.

ఆ పొద్దున ఆ కోచింగ్ సెంటరు మేనేజరు శేఖర్ ఫోను చేశాడు.

"నమస్తే సార్! ఇవాళ మా సందులో కరెంటు తీస్తున్నారంటగా? మాకేం ఇబ్బంది లేదు లెండి. ఈసారి పెద్ద జనరేటర్ తెచ్చాం. మావాడు పాత వైరింగ్‌కే డైరెక్టుగా కలిపేశాడు. ఒక్క స్విచ్ వేస్తే చాలు, బిల్డింగ్ మొత్తం వెలిగిపోతుంది!"

"మంచిది, మంచిది" అన్నాను. అప్పటికే రెండో ఫోను మోగుతోంది. అది డీఈ గారిది. ఆ సందు పని త్వరగా ముగించమని పైనుంచి ఆయన మీద ఒత్తిడి ఉంది. స్వయంగా అక్కడికే వెళ్తున్నానన్నారు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు ఆపించాను. లైన్ క్లియర్ మీద సంతకం పెట్టాను. బ్యాటరీ గది వైపు నడుస్తుంటే ఖాజా భాయ్ ఫోను చూపించాడు.

"డీఈ సాబ్. సందులనే ఉన్నడట. జర గరం మీదున్నడు."

అందుకున్నాను. "ఏంటయ్యా, పాత తీగలు విప్పడానికి కూడా తపస్సేనా? మీవాడు నువ్వు చెబితే తప్ప ఎక్కనంటున్నాడు. ఎక్కమను!"

"ఇప్పుడే చెబుతా సార్" అన్నాను. ఫోను పెట్టేశాక, యాదగిరికి చేయబోయి ఆగాను. ధైర్యంతో ఆగానని రాస్తే అబద్ధమవుతుంది. అలవాటు కొద్దీ కాళ్లు గది వైపే వెళ్లాయి.

స్టూలు మీద కూర్చున్నాను. పొద్దున సుభద్ర, టిఫిన్ బాక్సులో పచ్చడి వేరుగా పెట్టానంది. సరేనన్నాను. వాచ్‌మన్ నమస్తే పెట్టాడు. శేఖర్ ఫోను చేశాడు. జనరేటర్ తెచ్చాం అన్నాడు. పాత వైరింగ్‌కే డైరెక్టుగా కలిపాడన్నాడు. ఒక్క స్విచ్ అన్నాడు.

మంచిది, మంచిది అన్నాను.

లేచి నిలబడ్డాను. జనరేటర్ ఉన్నచోట తప్పనిసరిగా ఒక చేంజోవర్ స్విచ్ ఉండాలి. అది ఒక పక్కకు తిప్పితే మా కరెంటు, ఇంకో పక్కకు తిప్పితే జనరేటర్‌ది, రెండూ ఎప్పుడూ కలవవు. అది పెట్టకుండా నేరుగా కలిపితే, జనరేటర్ వేయగానే ఆ కరెంటు మీటరు దాటి బయటికి, మేం ఆపేశామనుకున్న తీగల్లోకి వస్తుంది. మామూలుగా అయితే సందులో అన్ని ఇళ్ల బరువూ మోయలేక జనరేటర్ ఆగిపోయేది. ఇప్పుడు ఆ తీగల మీద వేరే భవనం లేదు. హాయిగా తిరుగుతుంది.

యాదగిరికి ఫోను చేశాను. ఎత్తలేదు. డీఈ గారికి చేశాను. ఎవరితోనో మాట్లాడుతున్నారు. శేఖర్‌ది మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. స్కూటరు తీశాను. చౌరస్తాలో బ్యాచ్ వదిలారు, సంచులు తగిలించుకున్న పిల్లలతో రోడ్డు నిండిపోయింది. హారను కొట్టుకుంటూ, స్కూటరు నెట్టుకుంటూ, ఆఖరికి దాన్ని అక్కడే వదిలేసి పరిగెత్తాను. సందు మలుపు తిరగకముందే జనరేటర్ చప్పుడు వినిపించింది.

స్తంభం పైకి చూశాను. ఎవరూ లేరు. కింద యాదగిరి నడుముకు బెల్టు కట్టుకుని, స్తంభానికి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. ఎదురుగా డీఈ గారు.

"నేనెవర్నో తెలుసా నీకు?"

"తెలుసు సార్, పెద్ద సారే మీరు. కాదంటలే. గానీ ఈ లైను మా సార్ పేరు మీదున్నది. ఆయన ఎక్కమనకుంట నేనెక్క. సస్పెండ్ జేస్తరా? చేయుండ్రి. కిందున్నోన్నే గదా సస్పెండ్ జేసేది."

చేత్తో ఆగమని సైగ చేశాను. ఊపిరి తీసుకుని, టెస్ట్ ల్యాంపు పెట్టి చూడమన్నాను. యాదగిరి నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. బల్బు వైర్లను పొడవాటి వెదురు కర్రలకు కట్టి, కింద నుంచే పైకెత్తి తీగలకు తాకించాడు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ బల్బు వెలిగింది.

జనరేటర్ దడదడలాడుతూనే ఉంది. డీఈ గారు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు, మళ్లీ తుడుచుకున్నారు. ఆయన చెడ్డ మనిషేమీ కాదు, పిల్లలూ. ఆయనకూ ఒక ఫోను ఉండేది, అంతే. కాసేపటికి చాలా మెల్లగా, "దాన్ని ఆపించండయ్యా" అన్నారు. నన్ను ఆయన 'అండీ' అనడం అదే మొదలు, తర్వాత ఎప్పుడూ మానలేదు.

శేఖర్ మెట్లు దిగి వచ్చాడు. సంగతి తెలిశాక వెనక్కి పరిగెత్తి జనరేటర్ ఆపించి వచ్చాడు. "మావాడు కలిపితే పనైపోయిందనుకున్నాం సార్" అన్నాడు. యాదగిరి అతని భుజం మీద చెయ్యేశాడు.

"అన్నా, నీ జావా గీవా నాకొద్దు గానీ, ఆ చేంజోవర్ స్విచ్ జర పెట్టియ్యే."

సందంతా నవ్వింది. డీఈ గారు కూడా నవ్వారు. నేను అరుగు మీద కూలబడి నవ్వాను. ఇన్నేళ్ల సర్వీసులో నాకంత తేలిగ్గా అనిపించిన క్షణం ఇంకొకటి లేదు.

అప్పటిదాకా, ఎక్కడినుంచైనా కరెంటు వస్తే భూమిలోకి పోయేలా చేసే రాడ్లు పెద్ద లైన్లకే తగిలించేవాళ్లం, ఇలాంటి చిన్న తీగలను ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ రోజు నుంచి ఎంత చిన్న తీగైనా రాడ్లు తగిలించాకే ఎక్కాలని, సందులో ప్రతి జనరేటర్‌నూ ముందుగా వెళ్లి చూడాలని మా సెక్షన్‌లో పెట్టుకున్నాం. మీరూ పెట్టుకోండి. రాడ్లు మీ మనుషులను కాపాడతాయి. రాడ్లు ఎక్కడ మరిచిపోయారో గుర్తు చేయడానికి మాత్రం ఆ కాసేపు కావాలి.

ఇద్దరం కూర్చున్నాం

తీగలు దింపి సబ్‌స్టేషన్‌కి వచ్చాక నేను మళ్లీ గదిలోకి వెళ్లాను. కుదురుగా కూర్చోలేకపోయాను. తలుపు తోసుకుని యాదగిరి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ లోపలికి రాలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

"గిట్ల కూసోని ఏం జేస్తరు సార్?"

"పొద్దున్నించి నాతో ఎవరు ఏమన్నారో మళ్లీ వింటాను."

"అంతేనా?"

"అంతే."

అతను కళ్లు తెరుచుకునే ఉన్నాడు, బ్యాటరీల వైపు చూస్తూ. అంత నోరున్న మనిషి అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడలేదు. కొంతసేపటికి అతని నుదురు ముడిపడింది.

"సార్, పొద్దుగాల నేను చెప్పులేసుకుంటుంటె మా బిడ్డ ఏదో జెప్పింది. ఊ అన్న. ఏం జెప్పిందో యాదికొస్తలేదు."

"తొందరేం లేదు. చెప్పులేసుకుంటున్నావు. తను ఎక్కడ నిలబడింది?"

"గడప మీద. జడలు ఏసుకున్నది. రెండు జడలకు రిబ్బన్లు." ఆగాడు. "ఉత్తప్పుడు గంత మంచిగ ఏసుకోదు."

ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోంది. యాదగిరి ముఖం మెల్లగా విప్పారింది.

"యాదికొచ్చింది సార్! ఇయ్యాల ఇస్కూల్ల పాట పాడుతదట. మూడింటికి. బాపూ, నువ్వు రావాలె అన్నది." తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "నేను ఊ అని బస్సుకు ఉరికిన."

గోడ గడియారం తలుపు బయట ఉంది. ఇద్దరం ఒకేసారి తొంగి చూశాం. ఇంకా టైముంది.

"మరి ఇంకా ఇక్కడే కూర్చున్నావేంటి?" అన్నాను.

లేచాడు. ఖాజా భాయ్ "అరే, ఏమైందిరా?" అంటున్నా వినకుండా గేటు దాటాడు. నేను వెనకాలే వెళ్లి కేకేశాను. "యాదగిరీ, నడుముకు బెల్టు అట్లాగే ఉంది! విప్పి వెళ్లు!"

"ఉండనియ్యి సార్" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "మా పోరి సుత చూడనీ."

బెల్టు కొక్కేలు గలగలమంటుంటే, క్లాసుల నుంచి వస్తున్న పిల్లలను తప్పించుకుంటూ బోరబండ బస్సు కోసం పరిగెత్తాడు.